మూడు నెలల అద్దె బాకీ, చెమ్మ దిగని గోడలు, నెత్తిన ఈఎంఐ: ఇల్లు అమ్మే ముందు చూసుకోవాల్సినవి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారు పోయిన ఏడాది కాలం చేశారు. విజయవాడ సింగ్ నగర్‌లో ఆయన కట్టిన ఇల్లు, అయిదు పోర్షన్లు, ఇప్పుడు మీరు చూసుకోవాల్సి వచ్చింది. మీరు బెంగళూరులో ఉద్యోగం, అమ్మగారు మీ దగ్గరే ఉంటున్నారు. కింద పోర్షన్ ఆయన మూడు నెలలుగా అద్దె వేయడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు. బుడమేరు వరదలో నానిన గోడలు ఇంకా పెచ్చులూడుతున్నాయి. మొదటి అంతస్తు బాత్రూమ్ నుంచి కిందికి నీళ్లు కారుతున్నాయి. హోమ్ లోన్ ఈఎంఐ నెలకు 28,000. "తాళం వేసి ఖాళీ చేయించనా? అసలు ఇల్లే అమ్మేయనా? ఇంకా ఇలాంటివి ఏమేం వస్తాయి?" అని అడిగారు.

నేను బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం లోన్ల సెక్షన్‌లోనే. విజయవాడలో మాకు రెండు ఇళ్లు, ఏడు పోర్షన్లు అద్దెకున్నాయి. పాయకాపురంలో ఉన్న ఇల్లు 2024 సెప్టెంబర్‌లో మీ ఇంటిలాగే మునిగింది. కాబట్టి మీరు పడుతున్న టెన్షన్ నాకు బాగా తెలుసు.

అద్దె సంగతి తర్వాత. ముందు ఆ లోన్ కాగితాలు బయటికి తీయండి. లోన్ ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. నాన్నగారి పేరున ఉండి, ఆయన పోయాక మీరు ఈఎంఐ కడుతూ వస్తున్నట్టయితే, లోన్‌తోపాటు బీమా చేయించారేమో చూడటం అన్నిటికన్నా ముందు పని. హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు లోన్ బాకీకి సరిపడా జీవిత బీమా కూడా చేయిస్తాయి. ప్రీమియం ఒకేసారి కట్టించుకుంటారు, చాలాసార్లు దాన్ని కూడా లోన్‌లోనే కలిపేస్తారు. అందుకే ఇంట్లోవాళ్లకు దాని ఊసే తెలియదు. లోన్ మొదలైన నెల స్టేట్‌మెంట్ బ్యాంకులో అడిగి తీసుకోండి. లోన్ విడుదలైన రోజునో, ఆ వారం పది రోజుల్లోనో బీమా కంపెనీ పేరున ఒక పెద్ద డెబిట్ ఉందేమో చూడండి.

ఇది ఊరికే చెప్పడం లేదు. ఒకావిడ భర్త పోయాక ప్రతి నెలా మా బ్రాంచికి వచ్చి ఈఎంఐ నగదుగా కట్టి వెళ్లేవారు. అలా 14 నెలలు కట్టారు. ఒకరోజు అడ్రస్ మార్చమని అడిగితే పాత ఫైలు తెప్పించాను. శాంక్షన్ లెటర్ వెనక గుండుసూదితో గుచ్చిన బీమా సర్టిఫికెట్ కనబడింది. ఆవిడకు చూపించి చదివి వినిపిస్తుంటే అక్కడే కుర్చీలో కూలబడిపోయారు. క్లెయిమ్ పెట్టించాం. లోన్ మొత్తం తీరిపోయింది, ఆ 14 నెలలు కట్టినదాంట్లో కూడా చాలావరకు ఆవిడకు తిరిగొచ్చింది. అప్పట్నుంచి ఎవరింట్లో పెద్దాయన పోయినా నేను అడిగే మొదటి మాట ఇదే.

రెండో విషయం. ఇల్లు మీ చేతికి వచ్చిందన్నారు గానీ, నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే అది మీ ఒక్కరిదే కాదండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారు, మీరు, మీ అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు అందరికీ సమాన వాటా. మీ నాయనమ్మగారు జీవించి ఉంటే ఆవిడకూ ఒక వాటా ఉంటుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకుని, మున్సిపాలిటీ ఇంటి పన్ను రికార్డులో పేరు మార్పించండి. ఆ తర్వాత అద్దెకున్నవాళ్లందరికీ ఒక ఉత్తరం రాయండి: ఇంటి యజమాని ఫలానా తేదీన కాలం చేశారు, వారసులం మేము, ఈ నెల నుంచి అద్దె ఈ ఖాతాకు వేయండి అని. కింద వారసులందరూ సంతకాలు పెట్టాలి.

ఈ ఉత్తరం ఎందుకంటే, నాన్నగారితో రాసుకున్న అగ్రిమెంటు పట్టుకుని కూర్చున్న మనిషికి మీరెవరో కాగితం మీద తెలియదు. నాన్నగారి ఖాతా బ్యాంకులో ఆపేశాక ఆ కిరాయిదారు వేసిన అద్దె వెనక్కి వచ్చి ఉండొచ్చు. మీ బాబాయిగారో, ఇంకెవరో మధ్యలో వచ్చి "నాకివ్వు" అని అడిగి ఉండొచ్చు. నేను కళ్లారా చూసిన అద్దె తగాదాల్లో కొన్నింటికి మూలం ఇదే. పాపం ఆ మనిషి ఎగ్గొట్టే ఉద్దేశంతో లేడు, ఎవరికివ్వాలో తెలియక ఆగిపోయాడు, ఆ తర్వాత డబ్బు ఖర్చయిపోయింది.

ఇక కింద పోర్షన్ ఆయన సంగతి. అద్దె రాకపోతే కారణం రెండే రకాలు: ఇవ్వలేకపోవడం, ఇవ్వకపోవడం. ఏ రకమో ఫోన్‌లో తేలదు. ఇంటికి వెళ్లి కూర్చుంటే అరగంటలో తేలిపోతుంది. నేను మొదటి నెల 10వ తేదీ దాటితే రెండో ఫోన్ చేయను, వెళ్లి తలుపు తడతాను. సాయంత్రం ఏడు దాటాక వెళ్లండి, మనిషి ఇంట్లో ఉంటాడు. వెంట నలుగురిని వేసుకుని వెళ్లొద్దు.

మా పోర్షన్‌లో ఒకాయన ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డులో పనిచేసేవాడు. రెండు నెలలు అద్దె రాలేదు. వెళ్తే ఆయన భార్య తలుపు తీసి, నన్ను చూసి పక్కకు తప్పుకుంది. లోపల ఆయన కుడిచేతికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. షెడ్డులో రేకు తెగి పడింది, రెండు నెలలుగా పనిలేదు. "మీకు మొహం చూపించలేక ఫోన్ ఎత్తలేదండి" అన్నాడు. నేను ఆ రోజు అద్దె అడగలేదు. వారం తర్వాత వెళ్లి తెల్లకాగితం మీద రాసుకున్నాం: ఇప్పటివరకు బాకీ ఇంత, మూడు నెలలు సగం అద్దె, ఆ తర్వాత నెలనెలా అద్దెతోపాటు పాత బాకీ కింద 1,500. ఇద్దరం సంతకాలు పెట్టాం. పూర్తిగా తీరడానికి ఏడాదిన్నర పట్టింది, ఒక్క రూపాయి పోలేదు. వాళ్లు మా ఇంట్లో తొమ్మిదేళ్లు ఉన్నారు. వరదలో ఆ ఇల్లు మునిగినప్పుడు నేను వెళ్లలేకపోతే మోటారు విప్పి మేడ మీదికి చేర్చింది ఆయనే.

రెండో రకం మనిషి వేరు. జీతం వస్తుంటుంది, కొత్త బండి కొంటాడు, అద్దె మాత్రం రేపు మాపు. అడ్వాన్స్ మొత్తం కరిగిపోయేదాకా ఉండి ఆ తర్వాత వెళ్లిపోదామనే లెక్క. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ తీసుకునే అలవాటుండేది కాబట్టి అక్కడి యజమానులకు ఈ భయం తక్కువ. మన దగ్గర ఇళ్లకు రెండు నెలలు, మహా అయితే మూడు. మీ మూడు నెలల బాకీతో ఆ అడ్వాన్స్ ఇప్పటికే అయిపోయింది, కాబట్టి ఇంక ఆలస్యం చేయకండి. మీరు వెళ్లినప్పుడు రెండో రకం అని తేలితే వకీలు చేత నోటీసు ఇప్పించండి. నెలనెలా అద్దె ఇచ్చే ఇంటికి, అగ్రిమెంటులో వేరే గడువు రాసుకుని ఉండకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లో ఉన్నది 15 రోజుల నోటీసు; మీ ఇంటికి అదే వర్తిస్తుందో లేదో వకీలునే అడగండి. అందినట్టు రుజువు దొరికేలా పోస్టులో పంపండి, అదే కాపీ వాట్సాప్‌లో కూడా పెట్టండి. నోటీసులో బాకీ ఎంతో నెలల వారీగా ఉండాలి. నా అనుభవంలో ఎక్కువమంది నోటీసు అందాక, కోర్టు దాకా పోకుండానే మాట్లాడుకోవడానికి వస్తారు. అప్పుడు కొంత బాకీ వదులుకుని అయినా ఖాళీ చేయించుకోవడం లాభం. కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్ల అద్దె ఎవరిస్తారు? ఇల్లు ఖాళీ చేసి పోయినా, బాకీ కోసం మూడేళ్ల లోపు దావా వేసుకునే హక్కు మీకుంటుంది.

తాళం మాత్రం వేయకండి. కరెంటు తీయించడం, మోటారు ఆపేయడం, సామాన్లు బయట పెట్టించడం, ఏదీ వద్దు. 2009లో నేనే ఒకసారి ఆవేశంలో తాళం, గొలుసు కొని బయల్దేరాను. దారిలో మా వకీలుగారు ఆపి, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ చదివి చెప్పారు. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, ఆ మనిషి ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లోకి రావచ్చు. ఇల్లు ఎవరిదన్నది ఆ దావాలో చూడనే చూడరు. అద్దె ఎగ్గొట్టినవాడు బాధితుడై, ఇంటాయన ముద్దాయి అవుతాడు. ఆ రోజు ఆయన ఆపకపోతే నా పరిస్థితి ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కరెంటు బిల్లు కూడా చూసుకోండి. మీటరు మీ నాన్నగారి పేరున ఉంటుంది కాబట్టి, వాళ్లు కట్టకుండా పోతే ఆ బాకీ మీ సర్వీసు మీదే నిలుస్తుంది. సర్వీసు నంబర్లు అయిదూ ఫోన్‌లో రాసి పెట్టుకుని నెలకోసారి ఆన్‌లైన్‌లో చూడండి. అద్దె ఆగే ముందు కరెంటు బిల్లు ఆగుతుంది, ఇది నేను చాలాసార్లు గమనించాను.

గోడల విషయానికి వస్తే, వరద తర్వాత మీ నాన్నగారు వెంటనే లప్పం పెట్టించి రంగులు వేయించి ఉంటారు. సింగ్ నగర్‌లో చాలామంది అదే చేశారు, ఇల్లు అలా చూడలేక. ఇటుక గోడ రోజుల తరబడి నీళ్లలో ఉంటే నీటిమట్టానికి పైన కూడా రెండు మూడు అడుగులు చెమ్మ ఎక్కుతుంది. అది దిగడానికి నెలలు పడుతుంది. లోపల తడి ఉండగా పైన లప్పం పెడితే తడి బయటికి వచ్చే దారి మూసినట్టే. ఉప్పు పొంగి, తెల్లటి పొడిలా రాలి, పెచ్చులు ఊడతాయి. మళ్లీ రంగులు వేయించి డబ్బు పోసుకోకండి. ఒక పాలిథిన్ కవరు చదరపు అడుగు ముక్క కత్తిరించి, నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి చుక్కలు కనబడితే గోడ ఇంకా తడిగానే ఉంది. అలా ఉన్నచోట ఊడుతున్న ప్లాస్టరింగ్ ఇటుక కనబడేదాకా కొట్టించి, ఒక ఎండాకాలం అలాగే గాలికి వదిలేయండి. అద్దెకున్నవాళ్లకు విషయం చెప్పి, ఆ నెలలకు అద్దె కొంచెం తగ్గించండి, ఒప్పుకుంటారు. ఆ తర్వాత కొత్త ప్లాస్టరింగ్, బాగా ఆరాక రంగు.

బాత్రూమ్ లీకేజీకి మేస్త్రి వచ్చీ రాగానే "టైల్స్ మొత్తం పగలగొట్టాలి" అంటాడు. ఒప్పుకునే ముందు ఒక రాత్రి ఈ పని చేయించండి. నీళ్లు పోయే జాలీని పాతబట్ట, పాలిథిన్ కవరు కలిపి గట్టిగా మూసి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ఆ రాత్రి ఆ బాత్రూమ్ ఎవరూ వాడకూడదు. తెల్లారేసరికి నీళ్లు గీత కిందికి బాగా దిగితే తప్పు నేలలో ఉంది. దిగకుండా కింద మాత్రం కారుతూనే ఉంటే పంపు లైనులో ఉంది. ఎవరో ఒకరు నీళ్లు వాడినప్పుడే కారుతుంటే జాలీ కింద గొట్టం జాయింటు చూడాలి. మా ఇంట్లో 60,000 ఎస్టిమేట్ వేసిన పని, ఇలా చూశాక జాయింటు మార్చడంతో 2,200కు అయిపోయింది.

ఇంకో మాట. మరమ్మతు మీ బాధ్యత అయి, వాళ్లు నోటీసిచ్చినా మీరు పట్టించుకోకపోతే, వాళ్లే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకునే హక్కు అదే ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. కింద పోర్షన్ ఆయన నెత్తి మీద నీళ్లు కారుతుంటే అద్దె ఆపేశాడేమో కూడా ఆలోచించండి. మీరు రాసినదాన్నిబట్టి నాకు ఆ అనుమానం బలంగానే ఉంది.

ఇంటికి బీమా ఉందా? 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అని ఒకే రకమైన పాలసీని ఇళ్లకు బీమా చేసే కంపెనీలన్నీ అమ్మాలని నియమం పెట్టారు. మంట, వరద, తుపాను, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, పాలసీలో చెప్పిన ప్రమాదం వల్ల ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే, బాగు చేసే కాలానికి పోయిన అద్దెను కూడా అది ఇస్తుంది. బుడమేరు పక్కన ఇల్లు పెట్టుకుని ఇది లేకుండా ఉండటం తప్పు. నేనూ 2024 దాకా ఆ తప్పే చేశాను, మోటారు, తలుపులు, వైరింగ్ అన్నీ చేతి డబ్బుతోనే పెట్టుకున్నాను. స్థలం ధర కాదు, కట్టడం ఖర్చు మీద బీమా చేయించాలి. లోన్ ఉన్న ఇల్లు కాబట్టి బ్యాంకు ఇప్పటికే ఏదో పాలసీ తీసి ఉండొచ్చు, అదే స్టేట్‌మెంట్‌లో చూడండి.

ఇంకేం వస్తాయని అడిగారు కదా. బోరు ఎండిపోవడం, మోటారు కాలిపోవడం లాంటివి డబ్బుతో పోతాయి. నన్ను బాగా కుదిపేసింది మాత్రం ఒక పెద్దాయన మరణం. రిటైరైన టీచరుగారు, మా రెండో అంతస్తులో ఒక్కరే ఉండేవారు. రెండు రోజులుగా పాల ప్యాకెట్లు గుమ్మం ముందే ఉన్నాయని పక్క పోర్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. నా దగ్గర రెండో తాళంచెవి ఉంది, అయినా ఒక్కణ్ణే తలుపు తీయలేదు. 112కు ఫోన్ చేసి, పోలీసులు వచ్చాక, ఇద్దరు పొరుగువాళ్లు ఉండగా తీశాం. ఆయన కుర్చీలోనే, పేపరు ఒళ్లో పెట్టుకుని పోయారు. ఆ తర్వాత ఒక మేనల్లుడు వచ్చి బీరువా, టీవీ తీసుకెళ్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొడుకు విదేశం నుంచి వచ్చేదాకా గది అలాగే ఉంచి, సామాన్లు జాబితా రాసి, అడ్వాన్స్ మిగులుతో సహా ఆయనకే అప్పగించి సంతకం తీసుకున్నాను. అందుకే ఇప్పుడు అగ్రిమెంటులో ఒక వరస తప్పనిసరిగా రాయిస్తాను: అత్యవసరమైతే పిలవాల్సిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు. మీ అయిదు అగ్రిమెంట్లలోనూ ఆ వరస ఉండాలి. అద్దెకున్నవాళ్ల గుర్తింపు కార్డు కాపీలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి ఉంచండి.

ఇప్పుడు అమ్మడం గురించి. మీ అయిదు పోర్షన్లకు కలిపి నెలకు 46,000 అద్దె అని రాశారు. ఈఎంఐ పోగా 18,000 మిగులుతుందని మీ లెక్క. అది సరికాదు. ఏడాదికి పది నెలల అద్దే వస్తుందని లెక్కేయండి: 4,60,000. ఈఎంఐ ఏడాదికి 3,36,000. ఇంటి పన్ను, నీటి పన్ను, బీమా, చిన్నాచితకా మరమ్మతులకు 60,000 తీసేయండి. మిగిలేది 64,000, అంటే నెలకు 5,300 పైచిలుకు. ఈ డబ్బు ఇంటి ఖర్చుకు వాడకండి. వేరే ఖాతాలో వేస్తూ పోయి, మూడు ఈఎంఐలు, ఒక పెద్ద మరమ్మతు కలిపి లక్షన్నర దాకా పోగేయండి. అది ఉన్నరోజు ఒక పోర్షన్ మూడు నెలలు ఖాళీగా ఉన్నా మీకు నిద్ర పడుతుంది. ఇప్పుడు మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ కింద పోర్షన్ మనిషి కాదు, ఈ ఖాతా లేకపోవడం.

ఈ లెక్క చూశాక కూడా అమ్మాలనిపిస్తే అమ్మండి, తప్పేం లేదు. దూరాన ఉండి అయిదు పోర్షన్లు చూసుకోవడం అందరివల్లా కాదు. కానీ పెచ్చులూడే గోడలతో, బాకీ ఉన్న కిరాయిదారుతో, వారసుల సంతకాలు లేకుండా అమ్మితే కొనేవాడు ఒక్కో లోపానికీ ధర కోస్తాడు. లీకేజీ ఆపి, గోడలు ఆరి, కాగితాలు సరి అయ్యాక అమ్మితే వచ్చే ధర వేరు. వారసత్వంగా వచ్చిన ఇంటికి నాన్నగారు కొన్న తేదీ, ఆయనకైన ఖర్చే పన్ను లెక్కలోకి వస్తాయి, కాబట్టి స్థలం కొన్నప్పటి దస్తావేజు, కట్టినప్పటి బిల్లులు పారేయకండి.

ఈ శుక్రవారం రాత్రి బయల్దేరి విజయవాడ రండి. వీలైతే అమ్మగారిని కూడా తీసుకురండి, అద్దెకున్నవాళ్లలో పాతవాళ్లు ఆవిడ మాటకు ఇచ్చే విలువ వేరుగా ఉంటుంది. శనివారం సాయంత్రం కింద పోర్షన్‌లో కూర్చుని, అద్దె గురించి అడిగే ముందు కారుతున్న ఆ స్లాబు చూపించమనండి. రాత్రికి బాత్రూమ్‌లో నీళ్లు నింపి గీత పెట్టించండి. సోమవారం పొద్దున బ్యాంకు తెరవగానే లోన్ స్టేట్‌మెంట్ తీసుకోండి. అందులో బీమా డెబిట్ కనబడితే ఆ పేజీ ఫొటో నాకు పంపండి, క్లెయిమ్‌కు ఏమేం జతచేయాలో నేను రాసిస్తాను.